గీతలున్న వేలిముద్ర

యర్రయ్య ఇంటి గుమ్మంలో సరోజిని చెప్పులు విడిచేసరికి పదకొండూ ఇరవై అయింది. సాయంత్రం నాలుగింటికి, ఫెర్రీ దాటితే వచ్చే డెలానీపూర్‌లో రిటర్నింగ్ ఆఫీసరు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తాడు. ఆ కాగితం పడిందంటే హోప్ టౌన్ పంచాయతీకి ధనరాజు పోటీ లేకుండా ప్రధాన్, అంటే సర్పంచ్, అయిపోయినట్టే. అతని మీద నిలబడ్డది యర్రయ్య ఒక్కడే.

"నాలుగులోపు యర్రయ్యని తెచ్చి నా ముందు నిలబెట్టండి. లేదా విత్‌డ్రా ఫారం మీదున్న వేలిముద్ర ఆయనది కాదని చూపించండి. రెండూ కాకపోతే నేను చేయగలిగింది లేదు," అని ఆఫీసరు ఉదయమే చెప్పేశాడు. ఫారంని ఫోన్‌లో ఫొటో తీసుకోనిచ్చాడు. అంతవరకూ మంచివాడే.

సరోజిని పద్దెనిమిదేళ్లు పోలీసు శాఖలో పనిచేసి, మానేసి, డెలానీపూర్‌లో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఆమెకీ కేసు అప్పగించింది యర్రయ్య కోడలు చిట్టితల్లి. ఇవాళ ఉదయం ఏడింటికి ఆఫీసు తలుపు తట్టి, "మావయ్య నిన్నట్నుంచి కనబడట్లేదు దీదీ. వెతికిపెట్టండి," అంది. అంతకుమించి ఏమడిగినా తల దించుకుంది.

ఇప్పుడా చిట్టితల్లే టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. ఎడమ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది.

"ఏకాదశి, నాకొద్దమ్మా. వేలికేమైంది?"

"కత్తిపీటకి తెగింది దీదీ," అని లోపలికి వెళ్లిపోయింది.

యర్రయ్య భార్య గవరమ్మ గంగమ్మ పటం ముందు కూర్చుని ఉంది. పటం ముందు దీపం కొండెక్కింది. ఆమె గమనించలేదు. సరోజిని ఒత్తి ఎగదోసి, మళ్లీ వెలిగించి, ఎదురుగా కూర్చుంది.

"నిన్న ఏం జరిగిందో చెప్పండి పిన్నీ. టైముతో సహా."

"టైమంటే నాకేటి తెలుస్తాదమ్మా. సీకటుండగానే ఏటకి డోంగీ తీసినారు. ఆయనా, మా మేనల్లుడు మల్లేశూను."

"ఐదింటికి," అంది చిట్టితల్లి లోపల్నుంచి.

"నాను మార్కెట్టుకి ఎల్లిపోనాను. తిరిగొచ్చేసరికి రెండు. ఆయన్లేడు. మల్లేశు కూడా లేడు. నాలుగు దాటాక మల్లేశొచ్చి, 'మావయ్య ఎలక్షన్లోంచి తప్పుకున్నాడత్తా, కాగితం మీద వేలేసి నాకిచ్చీసినాడు, నీకు మొకం సూపించలేక డిగ్లీపూర్‌లో కూతురు శ్రావణి దగ్గరికి ఎల్లిపోతానన్నాడు' అని సెప్పినాడు."

"మీరు నమ్మారా?"

గవరమ్మ మెల్లగా అంది. "మాది సిక్కోలు జిల్లా అమ్మా. అక్కడున్న మా తమ్ముడికి సర్పంచున్నాడు, ఎమ్మెల్యే ఉన్నాడు, ఒకడు కాకపోతే ఇంకొకడి గుమ్మం ఎక్కుతాడు. నికోబారోళ్లకి కెప్టెన్లని ఊరి పెద్దలున్నారు. ఈ దీవుల్లో మనకో? డిల్లీలో ఒక్క ఎంపీ, ఊళ్లో ప్రధాను. మజ్జిలో అందరూ ఆఫీసర్ సాబులే. ఆ ఒక్క ప్రధానూ ధనరాజు అయితే డోంగీలు లాగే ఒడ్డు హోటలోళ్లకి రాసిచ్చీస్తాడని మావోడు నిలబడ్డాడు. గంగమ్మ ముందు ఒట్టేసి నిలబడ్డాడు. తప్పుకుంటాడా?"

సరోజిని పటం వైపు చూసింది. అన్నీ చూసే తల్లి ఒక్క మాట చెబితే ఎంత పని తప్పుతుందో అనిపించింది. చెప్పకపోవడంలో ఆమెకేదో ఉద్దేశం ఉండే ఉంటుంది. ఏమిటో మాత్రం ఇన్నేళ్లలో అంతుపట్టలేదు. గడియారం పదకొండూ ముప్పై ఐదు చూపిస్తోంది.

ఒడ్డున వలల పాక. దాని పక్కనే యర్రయ్య చేపల పడవ, ఆ డోంగీ, బోర్లించకుండానే ఉంది. సరోజిని చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని అందులోకి దిగింది.

వెనక ఇంజిను లేదు. ఇంజిను బిగించే చోట నాలుగు బోల్టుల గుర్తులూ మెరుస్తున్నాయి. విప్పి రెండు రోజులు కూడా అయి ఉండదు. అడుగున మడిచిన చొక్కా, దాని మీద ఒక జత రబ్బరు చెప్పులు. చెక్కల సందుల్లో తెల్లటి పగడపు ముక్కలు, మునివేళ్లకి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. హోప్ టౌన్ ఒడ్డంతా నల్లటి బురద. ఆమె రెండు ముక్కలు రుమాల్లో కట్టుకుంది.

పాకలో మల్లేశు వల కుడుతున్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. యర్రయ్య నామినేషన్ మీద ప్రపోజర్‌గా సంతకం చేసిందీ అతనే, నిన్న రెండూ యాభైకి విత్‌డ్రా ఫారం తీసుకెళ్లి ఇచ్చిందీ అతనే. గడువు మూడింటికి.

"నిన్న ఎన్నింటికి తిరిగొచ్చారు మల్లేశూ?"

"పదకొండున్నర అయ్యుంటాది దీదీ."

"మీ మావయ్య వేలిముద్ర వేసింది?"

"పన్నెండుకి. ఇక్కడే. ఈ పాకలోనే."

"వేలికంటిన సిరా ఎక్కడ తుడుచుకున్నాడు?"

మల్లేశు చేతిలో కుట్టుబద్ద ఆగింది. పాక మధ్య స్తంభానికి ఇరవై ఏళ్ల తారు, రంగు, చేపల జిగురు అంటుకుని ఉన్నాయి. ఇక్కడ చేతికేదైనా అంటితే అందరూ తుడిచేది దానికే. ఊదారంగు సిరా మాత్రం ఎక్కడా లేదు.

"జుట్టుకి తుడుచుకున్నాడేమో. నాను సూళ్లేదు."

"డిగ్లీపూర్ దాకా చొక్కా లేకుండా, చెప్పుల్లేకుండా వెళ్లాడా?"

"ఇంట్లో ఇంకో జత..."

"లేదు. ఇంట్లోంచి ఏదీ పట్టుకెళ్లలేదని మీ అత్త చెప్పింది. ఇంజినేది?"

"రిపేరుకిచ్చినాను."

"ఎవరికి?"

మల్లేశు మళ్లీ వల మీదికి వంగాడు. సరోజిని సంచీలోంచి సిరా ప్యాడ్, నోట్‌బుక్ తీసి అతని ముందు పెట్టింది.

"నీ ఎడమ బొటనవేలు ఒక్కసారి వెయ్యి."

"అరే దీదీ, నన్ను దొంగని చేస్తన్నావేటి?" అని నవ్వుతూనే వేశాడు. కాగితం మీద నేరేడు పండు నలిపినట్టు ఒక మరక పడింది. గీత అన్నది ఒక్కటి లేదు.

"మాకింతే దీదీ. చిన్నప్పట్నుంచీ నైలాన్ తాడు లాగితే గీతలేటుంటాయి? ఆధార్ వాడు మూడుసార్లు తిప్పి పంపీసినాడు." తన మాటకి తనే నవ్వాడు.

"మీ మావయ్యకి?"

"మావయ్యవైతే గాజు పెంకులే. నలభై ఏళ్లు లాగి..." మాట మధ్యలో నవ్వు ఆగిపోయింది.

సరోజిని ఫోన్ తెరిచి విత్‌డ్రా ఫారం ఫొటో చూపించింది. యర్రయ్య పేరు పక్కన వేలిముద్ర బడి పుస్తకంలో బొమ్మలా ఉంది. సుడి, సుడి చుట్టూ గీతలు, వాటికి అడ్డంగా సన్నటి తెల్లని గాటు. పక్కనే చిన్న పసుపు మరక.

"ఇంత చక్కటి గీతలు మీ మావయ్యకి నిన్న ఒక్కరోజుకి మొలిచాయా?"

"ఆ ప్రశ్నకి జవాబు అతను చెప్పక్కర్లేదు," అన్నారెవరో గుమ్మంలోంచి.

గోపినాథ్. ఆమె బ్యాచ్‌లోనే ఎస్సైగా చేరి, ఆమెకంటే ముందే మానేసి, ఇప్పుడు ధనరాజు ఎన్నికల వ్యవహారాలు చూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒక ఫైలు.

"ఏకాదశి కదా సరోజినీ, ఉపవాసమా? దొంగ ఎవరో దేవుడు చెప్పేశాడా?"

"చెప్పలేదు గోపీ. అందుకే ఫెర్రీ టికెట్ కొనుక్కుని వచ్చాను."

"వృథా. యర్రయ్య ఈ ఉదయం నాలుగింటి బస్సెక్కాడు. డిగ్లీపూర్ చేరేసరికి సాయంత్రం నాలుగు. దారిలో ఫోన్ అందదు. ఎక్కించిన మనిషి స్టేట్‌మెంట్ ఇదిగో."

"ఎక్కించిన మనిషి ఎవరు?"

"ధనరాజుగారి డ్రైవరు."

"ప్రత్యర్థి డ్రైవరు యర్రయ్యని తెల్లవారుజామున బస్సెక్కించాడు. నువ్వది నమ్మి సంతకం పెట్టించుకున్నావు. నువ్వు చూశావా?"

గోపినాథ్ ముఖం కాస్త బిగిసింది. "చూడాల్సిన అవసరం లేదు. నువ్వెప్పుడూ ఇంతే. తేలిపోయిన కేసుని గోకి గోకి పుండు చేస్తావు. అందుకే ప్రమోషన్ రాలేదు."

"నువ్వు ఏదీ గోకవు. అందుకే ఇస్త్రీ నలగలేదు." ఆమె రుమాలు విప్పి పగడపు ముక్కలు అతని ఫైలు మీద పెట్టింది. "ఇవి ఆ డోంగీలో ఉన్నాయి. చెప్పులు కూడా అందులోనే ఉన్నాయి. నిన్న ఐదుకి బయల్దేరిన మనిషి బస్టాండుకి వెళ్లలేదు. ఎక్కడో సముద్రం మధ్య పగడపు మెట్ట దగ్గర నీళ్లలోకి దిగాడు. ఈ మాట నీ ధనరాజుని అడుగు."

గోపినాథ్ ఆ ముక్కల్ని ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత నేల మీదికి దులిపేశాడు. "మల్లేశూ, లే. నువ్వు మా సాక్షివి. ఒంటిగంట ఫెర్రీకి నాతో రా. నాలుగయ్యేదాకా నువ్వెవరితోనూ మాట్లాడక్కర్లేదు."

మల్లేశు లేచాడు. వెళ్తూ వెళ్తూ సముద్రం వైపు చూశాడు. సరోజిని అది గమనించింది. కానీ దానర్థం ఆమెకప్పుడు తట్టలేదు.

ఒంటిగంటా పదికి ఆమె మళ్లీ ఇంట్లో ఉంది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. వేలిముద్ర యర్రయ్యది కాదు, మల్లేశుది కాదు. తాడు లాగే ఏ చేతిదీ కాదు. గోపినాథ్ ఇలాంటి కాగితం మీద తన వేలు పెట్టేంత తెలివితక్కువవాడు కాదు.

"పిన్నీ, నెలనెలా రేషన్ మిషన్ మీద వేలెవరు పెడతారు?"

"మా ఇద్దరివీ పడవమ్మా. ఆయనవి తాడుకి పోయినాయి, నావి సేపల పొలుసుకీ ఉప్పుకీ పోయినాయి. మాకే కాదు, ఈ లైన్లో ఆరిళ్లకీ కోడలి వేలే. డిపోవాడు దాన్ని సూడగానే, 'ఆగయీ అంగూఠావాలీ' అంటాడు, బొటనేలు పిల్లొచ్చిందని."

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

సరోజిని వంటింట్లోకి వెళ్లింది. చిట్టితల్లి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. యర్రయ్య కొడుకు అప్పలకొండతో పెళ్లై ఈ ఇంటికొచ్చి నాలుగేళ్లు. భర్త ఓడలో పనిచేస్తూ ఆరునెలలకోసారి వస్తాడు. ఆమె అంగన్‌వాడీలో పిల్లలకి వండి పెడుతుంది. పసుపు వేసిన కిచిడీ.

"నిన్న పన్నెండింటికి ఎక్కడున్నావు?"

"అంగన్‌వాడీలో దీదీ. వడ్డిస్తన్నాను."

"గుడ్డ విప్పు."

ఆమె విప్పింది. తెగిన గాయం లేదు. రాయితో తోమీ తోమీ ఎర్రబడ్డ వేలు, గోరు మూలలో ఊదారంగు. వేలికి అడ్డంగా పాత గాటు ఒకటి.

చిట్టితల్లి అక్కడే కూలబడింది. ఏడవలేదు. మాటలు మాత్రం ఒకదానిమీదొకటి పడ్డాయి.

"మల్లేశు బావ వొచ్చి, 'మావయ్య వేటలో ఉన్నాడు, డోంగీ లైసెన్స్ కాగితం, మావయ్య వేలు పడదు కదా, నువ్వెయ్యి' అన్నాడు. మడతపెట్టి ఉంది. చేతిలో గరిటుంది. పిల్లలు అరుస్తన్నారు. ఎన్నిసార్లు వెయ్యలేదు దీదీ, గ్యాసుకీ నానే, కిరోసిన్‌కీ నానే. వేసీసినాను. సాయంత్రం అందరూ విత్‌డ్రా అంటంటే అప్పుడు తెలిసింది."

"నాకు పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"దొంగ వేలు వేసిన దానికోసం మీరెందుకు తిరుగుతారు? మావయ్య దొరికిపోతే ఇక నా సంగతెవరూ అడగరనుకున్నాను." తలెత్తి అడిగింది. "జైల్లో పెడతారా?"

అబద్ధం చెప్పడం తేలిక. ఏకాదశి కాకపోయినా సరోజిని చెప్పేది కాదు.

"పెట్టొచ్చు. అంగన్‌వాడీ పని పోవచ్చు. నిన్ను మోసం చేసి వేయించారని నేను సాక్ష్యం చెబుతాను. అది ఎంతవరకు పనికొస్తుందో నాకు తెలియదు. నువ్వు రాకపోతే నాలుగింటికి ఆ కాగితం పడుతుంది. నిర్ణయం నీది."

గుమ్మంలో గవరమ్మ నిలబడి అంతా వింది. కోడలిని ఒక్క మాట అనలేదు. చీర కొంగుతో ఆమె నుదురు తుడిచి, గంగమ్మ పటం దగ్గర్నుంచి కుంకుమ తెచ్చి పెట్టింది. "ఎల్లమ్మా," అంది.

రెండున్నర ఫెర్రీ పావుగంట ఆలస్యంగా కదిలింది. గాలి పెరిగిందనీ, హార్బరులో హెచ్చరిక జెండా ఎక్కించారనీ, చిన్న పడవలన్నీ ఒడ్డుకి రావాలన్నారనీ సరంగు చెప్పాడు. నాలుగున్నరదే ఆఖరి ఫెర్రీ కావచ్చన్నాడు.

"మల్లేశు ఎంత వెర్రివాడో చూడు," అంది సరోజిని, రెయిలింగ్ పట్టుకుని. "తన వేలే వేసి ఉంటే ఎవరూ పట్టుకోలేకపోయేవాళ్లు. యర్రయ్యదీ మరకే, అతనిదీ మరకే. రేషన్ మిషన్ దగ్గర 'గీతలు పడలేదు, ఫిర్ సే, మళ్లీ పెట్టు' అని విని విని, సర్కారు కాగితం ఏదైనా గీతలుంటేనే చెల్లుతుందనుకున్నాడు. ఊళ్లో చెల్లే వేలు ఒక్కటే ఉంది. దాని దగ్గరికే వచ్చాడు."

చిట్టితల్లి వేలిని కొంగులో దాచుకుంది. "దాన్నే అంగూఠావాలీ అని మెచ్చుకునేవోళ్లు," అంది.

మూడూ ముప్పై ఐదుకి ఇద్దరూ రిటర్నింగ్ ఆఫీసరు గదిలో అడుగుపెట్టారు. గోపినాథ్, మల్లేశు అప్పటికే గోడ పక్క కుర్చీల్లో ఉన్నారు. బల్ల మీద అట్టఫైలు, ఫైలు మీద జిగురు సీసా.

సరోజిని కూర్చోలేదు. "సార్, యర్రయ్య నామినేషన్ పత్రం తెప్పించండి. మీ ముందే, మీ ప్యాడ్ మీదే వేసిన వేలు అది."

తెప్పించారు. నామినేషన్ మీద ఒక ఊదా మరక. విత్‌డ్రా ఫారం మీద సుడి తిరిగిన గీతలు. ఆఫీసరు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ప్యాడ్ ఎక్కువ తడిగా ఉంటే మరకే పడుతుంది సార్," అన్నాడు గోపినాథ్. "ఇది రుజువు కాదు."

"రుజువు ఈ అమ్మాయి," అంది సరోజిని.

చిట్టితల్లి ముందుకొచ్చింది. చెప్పాల్సింది హిందీలో నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆఫీసరు తెల్లకాగితం జరిపాడు. ఆమె వేలు పెట్టింది. అవే గీతలు, అదే గాటు.

"ఇంటి మనిషి సార్. ఇప్పుడు ఓడిపోతామని కథ అల్లుతోంది."

"ఫారం మీద పసుపు మరక కూడా కథేనా గోపీ? వాసన చూడు. నిన్నటి కిచిడీ."

ఆఫీసరు నిజంగానే ఫారం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత అట్టఫైల్లోంచి నోటీసు తీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టాడు. "ఏకగ్రీవ ప్రకటన నిలిపివేస్తున్నాను. ఎలక్షన్ కమిషన్‌కి రిపోర్టు పంపుతాను. అమ్మాయీ, నువ్వు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. పోలీసులూ వస్తారు."

చిట్టితల్లి తలూపింది. సరోజిని అప్పటికి కుర్చీ లాక్కుని కూర్చుంది. గోడ గడియారం నాలుగూ రెండు.

అప్పుడు మల్లేశు లేచాడు. ముఖంలో రక్తం లేదు. చూపు గడియారం మీద ఉంది.

"సార్, కాగితం అంటించరా?"

"ఇప్పుడే చెప్పాను కదా."

"అంటించండి సార్. ఒక్క గంట ఉంచి పీకీండి. ఒక్క గంట."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. సరోజినికి మాత్రం మధ్యాహ్నం పాకలోంచి వెళ్తూ అతను సముద్రం వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. దగ్గరికి వెళ్లి భుజం పట్టుకుంది.

"ఎక్కడ దించావు మల్లేశూ?"

"ధనరాజుగారు నన్ను జెట్టీలో తాళ్లు కట్టే ఉద్యోగంలో పెడతానన్నాడు దీదీ. మావయ్యకేటీ కాదన్నాడు. గాలమేస్తే చేప పడతాదని చెప్పి నిన్న ఆరింటికి మెట్ట మీద దించినాను. ఆయన అటు తిరిగినప్పుడు డోంగీ తీసీసినాను. ఒక సీసా నీళ్లున్నాయి. నేనెక్కడ మనసు మార్చుకుని మళ్లీ ఎల్తానో అని ఇంజిను విప్పుకుపోయినారు."

"తీసుకురావడానికి ఎవరు వెళ్తారన్నాడు?"

"ధనరాజుగారి పడవ. బోర్డు మీద కాగితం పడ్డాదని ఇక్కడ్నుంచి ఫోనెల్లాకే పడవ కదుల్తాదన్నాడు." అతను చిట్టితల్లి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "కాగితం పడలేదు కదా దీదీ. ఇంకెవరెల్తారు?"

గోపినాథ్ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. దించాడు. ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసింది.

"ధనరాజుది స్విచాఫ్," అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"ఏ మెట్ట?" అంది సరోజిని.

"పేరు లేదు. మూడుంటాయి, నడిమిది. నీడకి చెట్టు కూడా లేదు."

కిటికీ రెక్క గాలికి గోడకి కొట్టుకుంది. చిట్టితల్లి తన వేలు వైపు చూసుకుంటోంది. ఊదా సిరా ఇంకా ఆరలేదు. ఐదుంబావుకి పొద్దు గుంకుతుంది. చిన్న పడవలన్నిటినీ ఒడ్డుకి పిలిచేశారు. ఆ వైపు వెళ్లాల్సిన ఒకే ఒక్క పడవని ఆపింది ఆ వేలే.

ఆమె కొంగు నడుముకి బిగించింది. "స్టేట్‌మెంట్ మావయ్యని తీసుకొచ్చాక ఇస్తాను సార్," అని, ఆఫీసరు జవాబు కోసం చూడకుండా గుమ్మం దాటింది.